జారే భుజానికి ఎముక గట్టు

అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు ఫుట్‌బాల్, రెజ్లింగ్ వంటి క్రీడలలో ఉత్సాహంగా పాల్గొంటున్నారు. ఆ ఆటలలో సంభవించే గాయాలలో భుజం కీలు తప్పడం ఒకటి. ఒకసారి తప్పిన కీలు, ముఖ్యంగా 20 ఏళ్లలోపు వారిలో, మళ్లీ మళ్లీ తప్పే ప్రమాదం ఎక్కువ.

శరీరంలోని పెద్ద కీళ్లన్నింటిలోనూ భుజానికే చలనం అధికం. ఆ స్వేచ్ఛకు మూల్యం అస్థిరత. దండచేతి ఎముక శిరస్సు బంతివలె ఉంటుంది. దానికి ఆధారమైన రెక్క ఎముక గుంట, లోతులేని చిన్న సాసరు వంటిది. ఆ గుంట అంచును చుట్టిన మెత్తని వలయమూ, స్నాయువులూ బంతిని పట్టి ఉంచుతాయి. కీలు ముందుకు తప్పినప్పుడు సాధారణంగా ఆ వలయం ఊడిపోతుంది. ఈ గాయాన్ని, 1923లో దానిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు బ్యాంకార్ట్ పేరుతో పిలుస్తారు. ఆర్థ్రోస్కోపు వచ్చిన పిమ్మట, చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పనిముట్లను పంపి ఆ వలయాన్ని తిరిగి కుట్టడం సాధ్యమైంది.

అయితే కొందరిలో ఆ కుట్టు నిలవలేదు. కారణమేమిటి? టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకు చెందిన బర్క్‌హార్ట్, దక్షిణాఫ్రికాకు చెందిన డి బీర్ 194 శస్త్రచికిత్సల ఫలితాలను పరిశీలించి 2000లో ప్రకటించారు. ఎముక పెద్దగా నష్టపోనివారిలో అస్థిరత తిరగబెట్టినది నూటికి 4 మందికి. బాగా నష్టపోయినవారిలో 67 మందికి! గట్టు తెగిన మడిలో నీరు నిలవనట్లే, అంచు అరిగిన గుంటలో బంతి నిలవదు.

అటువంటప్పుడు కొత్త గట్టు కట్టవలసిందే. భుజం ముందుభాగంలోని కొక్కెం వంటి ఎముకను కోసి, గుంట అంచున మరతో బిగించే పద్ధతిని 1954లో ఫ్రెంచి వైద్యుడు లాటార్జే వివరించారు. ఆ దేశస్థుడే అయిన లాఫోస్ 2007లో దానిని ఆర్థ్రోస్కోపుతో చేసే విధానాన్ని ప్రచురించారు. రోగి తుంటి ఎముక నుండి గాని, మరణించిన దాత చీలమండ పైభాగపు ఎముక నుండి గాని తీసిన ముక్కను అమర్చే పద్ధతులూ ఉన్నాయి. కొన్ని నెలలలో ఆ ముక్క అతుక్కొని గుంటలో భాగమవుతుంది.

రంధ్రాలు చిన్నవైనంత మాత్రాన శస్త్రచికిత్స చిన్నది కాదు. చేతికి వెళ్లే నరాలు ఆ సమీపంలోనే ఉంటాయి, ముక్క అతుక్కోకపోవచ్చు, మర వదులు కావచ్చు. చేయి తిరిగిన వైద్యునికీ ఇది కఠినమైన పనే. కనుక తల్లిదండ్రులు మొదట అడగవలసినది “కోత ఎంత?” అని కాదు, “ఎముక ఎంత పోయింది?” అని. దానిని సి.టి. స్కాన్‌తో కొలవవచ్చు. కీలు తప్పిన ప్రతిసారీ అంచు మరికొంత అరిగే అవకాశం ఉన్నందున, ఆ ప్రశ్నను వచ్చే సీజన్ దాకా వాయిదా వేయరాదు.