మ్యూజిక్ థెరపిస్టు కావాలంటే పాట వస్తే చాలదు

పక్షవాతంతో మాట పడిపోయిన కొందరు 'నీళ్లు' అని అడగలేరు కానీ, తెలిసిన పాటను మాటలతో సహా పాడగలరు. ఈ సామర్థ్యాన్ని ఆసరా చేసుకున్నదే మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. రోగి ఎడమ చేత్తో తాళం వేయిస్తూ, చిన్న మాటలను అక్షరం అక్షరం రాగం తీయించి, మెల్లగా మామూలు పలుకులోకి తెస్తారు. ఇది ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి సంగీత జ్ఞానం ఒక్కటే సరిపోదు.

అందుకే అమెరికాలో డిగ్రీలో భాగంగా 1,200 గంటల క్లినికల్ శిక్షణ, ఆపై బోర్డు పరీక్ష ఉంటాయి. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ వద్ద నమోదు కాకుండా 'మ్యూజిక్ థెరపిస్టు' అని చెప్పుకోవడం నేరం.

మన దేశంలో ఆ పేరుకు అలాంటి చట్టరక్షణ లేదు. పుదుచ్చేరిలోని శ్రీ బాలాజీ విద్యాపీఠ్‌లో దీనికి ప్రత్యేక కేంద్రం ఉంది. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులూ ఇదే పేరుతో నడుస్తున్నాయి. 'ఫలానా రాగం బీపీకి, ఫలానాది షుగరుకి' అని జాబితా ఇచ్చే చోటుకు వెళ్లకపోవడమే మేలు. థెరపిస్టు రాగాన్ని మందుచీటీలా రాసివ్వరు, ఎదుటి మనిషి స్పందనను బట్టి అప్పటికప్పుడు మార్చుకుంటారు.

ఫీజు కట్టేముందు అడగండి: రోగులతో ఎన్ని గంటలు? పర్యవేక్షించేవారు స్వయంగా ప్రాక్టీసు చేస్తున్నారా? విదేశాల్లో పనిచేయాలనుకుంటే, ఈ చదువును అక్కడివారు ఒప్పుకుంటారో లేదో చేరకముందే కనుక్కోవాలి.