శబ్ద దర్పణం: ఇంటి గదిలో మానిటర్ స్పీకర్ల అమరిక

2020వ సంవత్సరంలో కళాశాలలు మూతబడిన కాలంలో మేము పాఠాలను ఇంట్లోనే రికార్డు చేసి విద్యార్థులకు పంపవలసి వచ్చింది. తెలుగు పాఠాలు మావి, ఉర్దూ పాఠాలు మా సహాధ్యాపకులవి. ఇంటి వెనుక గదిలో ఒక బల్ల, ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, అప్పు చేసి కొన్న మానిటర్ స్పీకర్ల జత. ఇదీ మా సరంజామా. రికార్డు చేసిన పాఠాన్ని ఆ స్పీకర్లలో విని, కంఠం బొంగురుగా తోచిన చోట దిద్ది, తృప్తిపడి పంపేవారము.

ఆ తృప్తి వారం రోజులు కూడా నిలువలేదు. చూపు లేని విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, ఇది మీ గొంతులా లేదు. రేకు డబ్బాలోనుంచి వస్తున్నట్టున్నది. 'స' పలికినప్పుడల్లా చెవిలో ఈల వేసినట్టవుతున్నది. పది నిమిషాలకే తలనొప్పి వస్తున్నది" అన్నాడు. తక్కినవారు వినపడని మాటను పుస్తకంలో చూసుకొనగలరు. అతనికి పాఠమంటే ఆ శబ్దమే. శ, ష, సల భేదం చెవికి అందకపోతే అతనికి వర్ణక్రమం తెలిసే మార్గమే లేదు. ఉర్దూ పాఠంలో 'ఖాఫ్', 'కాఫ్'ల తేడా కూడా తెలియడం లేదని మరికొందరు చెప్పారు.

దుకాణదారును అడిగితే ఇంతకన్న పెద్ద స్పీకర్లు కొనమన్నాడు. మరల అప్పు చేయడానికి సిద్ధపడుతుండగా, మా కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులు ఒకరు వచ్చి గదిని చూసి, "స్పీకర్లు మార్చే ముందు కుర్చీ మార్చి చూడండి" అన్నారు. ఆ మాట మాకు హాస్యంగా తోచింది. కాని అందులోనే విషయమంతా ఉన్నది. మన కళాశాలలో రికార్డింగు గది నెలకొల్పే ప్రస్తావన పాలకవర్గం ముందున్న ఈ సమయంలో, మేము మెల్లమెల్లగా నేర్చిన ఆ సంగతులను విద్యార్థి మిత్రులకు, పెద్దలకు విన్నవించుకొంటున్నాము.

ముందు మానిటర్ అనగా ఏమి? ఇంటిలో పాటలు వినే స్పీకరు వినేవారిని సంతోషపెట్టడానికి తయారైనది. మంద్రాన్ని కొంత పెంచి, తారాన్ని కొంత మెరిపించి చెబుతుంది. మానిటర్ స్పీకరు అట్లా కాదు, అది అద్దం వంటిది. రికార్డులో ఉన్న లోపాన్ని ఉన్నట్టే చూపడం దాని ధర్మం. 1970 దశకం తొలినాళ్లలో బి.బి.సి. ఇంజనీర్లు బయటి ప్రసారాల వాహనాలలో వాడుకొనడానికి ఎల్.ఎస్.3/5ఏ అనే చిన్న మానిటరును రూపొందించారు. ఎత్తు ఒక అడుగు, అంతే. మనిషి కంఠాన్ని యథాతథంగా వినిపించడంలో దానికి గొప్ప పేరు వచ్చింది. 1978లో యమాహా సంస్థ ఎన్.ఎస్.10 అనే స్పీకరును ఇళ్లలో వాడుకకు విడుదల చేసింది. ఇళ్లలో అది అంతగా ఆదరణ పొందలేదు కాని, ప్రపంచమంతటా స్టూడియోలలో స్థిరపడిపోయింది. దాని తారస్థాయి కటువుగా ఉన్నదని కొందరు ఇంజనీర్లు ట్వీటరు మీద పలుచని టిష్యూ కాగితం అతికించుకొనేవారు. 2001లో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

అద్దం ఎంత మంచిదైనా చీకటి గదిలో పెడితే ఏమి చూపగలదు? మన చెవికి చేరేది స్పీకరు శబ్దం ఒక్కటే కాదు. గోడలకు, నేలకు, బల్లకు తగిలి పరావర్తనం చెందిన శబ్దం కూడా దానితో కలసి వస్తుంది. మా గదిలో జరిగినది ఇదే. మేము వెనుక గోడకు ఆనుకొని కూర్చొనేవారము. గోడల దగ్గర మంద్రధ్వనులు పోగుపడతాయి. కంఠం బొంగురుగా ఉన్నదని భ్రమపడి, రికార్డులో మంద్రాన్ని కోసివేశాము. స్పీకర్లు బల్ల మీద చదునుగా ఉండి, వాటి ట్వీటర్లు మా రొమ్ము వైపు చూస్తుండేవి. తారధ్వనులు సూటిగా ప్రసరిస్తాయి కాబట్టి చెవికి తక్కువగా అందాయి. 'స'కారం మందంగా ఉన్నదని దానిని పెంచాము. అనగా గదిలో ఎక్కువైనది రికార్డులో తక్కువైనది, గదిలో తక్కువైనది రికార్డులో ఎక్కువైనది. విద్యార్థి ఫోనులో మా గది లేదు, మేము చేసిన దిద్దుబాటు మాత్రం ఉన్నది. అతడు విన్న రేకు డబ్బా, ఈల రెండూ మా చేతి పనులే.

గది చేసే ఈ అల్లరిని మొదట కొలిచి చూపినది ఒక కళాశాల అధ్యాపకుడే కావడం మాకు కొంత గర్వకారణం. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాల కట్టి చూస్తే, అందులో చెప్పిన మాట ఒక్కటీ అర్థం కాలేదు. పలికిన శబ్దం అయిదున్నర సెకన్ల వరకు మ్రోగుతూనే ఉండేది. దానిని సరిచేసే బాధ్యత వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త మీద పడింది. ఆయన పరిసరాలు నిశ్శబ్దంగా ఉండే రాత్రివేళల్లో, సమీపంలోని శాండర్స్ థియేటరునుండి కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుస పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ఆ నాదం ఎంతసేపటికి అణగుతుందో కొలిచాడు. గది పరిమాణానికి, అందులోని శోషణశక్తికి ఉన్న సంబంధం ఆ మెత్తల వలననే బయటపడింది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల మీద కట్టినదే.

మా గది విషయం మరీ విచిత్రం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. పది అడుగుల గోడల నడుమ 56 హెర్ట్జ్ దగ్గర ఒక స్థిరతరంగం, 112 హెర్ట్జ్ దగ్గర మరొకటి ఏర్పడతాయి. పురుష కంఠపు మూలనాదం తరచుగా వంద, నూటయిరవై హెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంటుంది. మూడు దిక్కులూ సమానం కాబట్టి మూడింటి అలలు ఒకే చోట పోగుపడి, మా కంఠంలోని ఆ భాగం మాత్రం నగారా వలె మ్రోగేది. గది ఎంపికలో చతురస్రం మంచిది కాదని, ఘనాకారం అసలే పనికిరాదని మాకు తెలిసింది ఇట్లా.

గోడలను జరపలేము, కుర్చీని జరపగలము. కూర్చొనే స్థానం ముందు గోడనుండి గది పొడవులో సుమారు 38 శాతం దూరంలో ఉంటే స్థిరతరంగాల బాధ తక్కువ. మా గదిలో అది మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. రెండు స్పీకర్లు, మన తల కలిసి సమబాహు త్రిభుజం కావలెను. మేము మూడు అడుగుల భుజం పెట్టుకున్నాము. ట్వీటర్లు చెవి ఎత్తున ఉండి, ముఖాలు మన వైపు తిరిగి ఉండవలెను. స్టాండ్లు కొనలేక ఇటుకలు పేర్చి, పైన మందపాటి రబ్బరు ముక్కలు వేసి, స్పీకర్లను వాటి మీద నిలిపాము. బల్ల గడగడలాడడం ఆ రోజుతో ఆగింది.

వెనుక గోడకు, స్పీకరుకు మధ్య దూరం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉన్నది. ఎంత దూరం జరిపితే అంత మంచిదని అనుకొంటారు. స్పీకరు ముఖం గోడకు 86 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకొందాము. గోడకు తగిలి తిరిగి వచ్చిన 100 హెర్ట్జ్ అల, సరిగ్గా అర తరంగం ఆలస్యంగా వచ్చి ముందటి అలను చాలవరకు రద్దు చేస్తుంది. ఉన్న కంఠం వినపడకుండా పోతుంది. అందుచేత చిన్న గదిలో స్పీకర్లను గోడకు దగ్గరగానే ఉంచి, పెరిగిన మంద్రాన్ని స్పీకరు వెనుక ఉండే మీటతో రెండో నాలుగో డెసిబెల్స్ తగ్గించుకొనడం మేలు. వెనుక వైపు గాలి రంధ్రం ఉన్నవాటికి కనీసం జానెడు సందు వదలవలెను. మూలలలో మాత్రం ఎన్నడూ పెట్టరాదు.

తరువాత గోడల పని. కుర్చీలో ఒకరు కూర్చొని, మరొకరు పక్క గోడ వెంబడి చేతి అద్దాన్ని జరుపుతూ పోవలెను. అద్దంలో ట్వీటరు కనబడిన చోటే శబ్దం గోడకు తగిలి చెవికి వస్తుంది. అక్కడ మందమైన మెత్త వేలాడదీయవలెను. మా ఇంట్లో రజాయిలకు కొరత లేదు. మడిచి, గోడకు కొంచెం ఎడంగా తాళ్లతో కట్టాము. పిల్లలు నవ్వారు కాని ఫలితం వెంటనే తెలిసింది. కోడిగ్రుడ్ల అట్టలు అతికించడం వృథా శ్రమ. అవి పలుచని కాగితం. తారధ్వనిని ఏ కొంచెమో మింగుతాయి, మంద్రాన్ని తాకలేవు. ఒకసారి గదిలో చప్పట్లు కొట్టి వినండి. గోడలు ఎదురెదురుగా ఖాళీగా ఉంటే తీగ మీటినట్టు ఝుమ్మని మ్రోగుతుంది. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం క్రింద కొట్టిన చప్పట్లు కొండ మీది బాలాహిస్సారులో వినబడడం మనకు ముచ్చట. పదడుగుల గదిలో ఆ ముచ్చట పనికిరాదు.

ఇక దోషాల విషయం. ఒక స్పీకరు పలకకపోతే వెంటనే దానిని మరమ్మతుకు పంపరాదు. రెండు స్పీకర్ల కేబుళ్లను ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడవలెను. అప్పటికీ అదే మూగబోతే దోషం స్పీకరుది. రెండవది మూగబోతే దోషం కేబులుది, లేదా దానికి ముందున్న యంత్రానిది.

మాకు ఎక్కువ రోజులు అంతుపట్టనిది మరొకటి. కేబులు మేమే అతికించుకున్నాము. ఆ నాటినుండి కంఠం రెండు స్పీకర్ల నడుమనుండి రాకుండా, ఎక్కడినుండి వస్తున్నదో తెలియకుండా, సత్తువ లేకుండా వినవచ్చేది. మూడు పిన్నుల ఎక్స్.ఎల్.ఆర్. కేబులులో ఒకటవది కవచానిది, రెండవది ధనం, మూడవది ఋణం. ఒక కేబులులో మేము రెండును మూడును తారుమారు చేశాము. వ్యాకరణంలో వర్ణవ్యత్యయం అంటామే, అటువంటిదే. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే మరొకటి వెనుకకు లాగుతున్నది. తిరిగి అతికించగానే కంఠం నడుమకు వచ్చి నిలిచింది.

ఎడతెగని 'హూం' శబ్దం వినబడితే అది మన విద్యుత్తు ప్రవాహపు 50 హెర్ట్జ్ నాదం, లేదా దానికి రెట్టింపైన 100. ల్యాప్‌టాప్ ఛార్జరును ఊడదీసి చూడండి. శబ్దం ఆగితే దోషం ఛార్జరు, ఎర్తుల మార్గంలో ఉన్నట్టు. పరికరాలన్నిటినీ ఒకే బోర్డునుండి నడిపించి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే చాలామట్టుకు పోతుంది. ఎర్తు పిన్ను తీసివేస్తే హోరు పోతుందని చెప్పేవారున్నారు. నిజమే, పోతుంది. దానితోపాటు ప్రాణానికున్న రక్షణ కూడా పోతుంది. విద్యార్థులు చేయి పెట్టే గదిలో ఆ పని ఎవరు చేసినా మేము ఒప్పుకొనము. స్పీకర్లను అన్నిటికన్న చివర వేసి, అన్నిటికన్న ముందు ఆర్పివేస్తే 'ధడ్' మనే దెబ్బ కూడా తప్పుతుంది.

రెండింటి ధ్వని సమానంగా ఉండడం అవసరం. 'పింక్ నాయిస్' అనే హోరును ఒక్కొక్క స్పీకరులో వినిపించి, ఫోనులోని కొలమానంతో సరిచూడవచ్చు. చిన్న గదికి 75 డెసిబెల్స్ చాలును. మెల్లగా విన్నప్పుడు చెవికి మంద్రం తక్కువగా తోస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. కాబట్టి రోజుకొక ధ్వనిలో వింటే రోజుకొక తీర్పు వస్తుంది. మీట మీద సుద్దతో గీత గీసుకొని అక్కడే ఉంచడం మా పద్ధతి. చివరకు ఒకసారి మామూలు ఫోనులో వినడం మాత్రం మానము. విద్యార్థి వినేది దానిలోనే కదా!

ఇంత చేసిన తరువాత, పాత స్పీకర్లతోనే అదే పాఠాన్ని తిరిగి దిద్ది ఆ విద్యార్థికి పంపాము. మరునాడు ఫోను చేసి, "సార్, ఇప్పుడు మీరే" అన్నాడు. ఆపైన, పదహారవ నిమిషంలో మేము 'విశేషణం' అనబోయి 'విశేష్యం' అన్నామని కూడా చెప్పాడు. అది స్పీకర్ల తప్పు కాదు.

పాలకవర్గం వారికి మా మనవి ఒక్కటే. పరికరాల జాబితా కన్న ముందు గదిని నిర్ణయించండి. గ్రంథాలయం ప్రక్కనున్న పాత సామాన్ల గదిని మేము టేపుతో కొలిచాము. పదహారు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. ఏ రెండు కొలతలూ సమానం కావు. దానికి ఎర్తు ఉన్న విద్యుత్ లైను లేదు, అది వేయించవలెను. మెత్తలు, దుప్పట్లు తెచ్చి కట్టే పని మేము, విద్యార్థులు కలసి చేసుకొనగలము.