మీకు తెలుసా? కొప్పు వాణిశ్రీ, సమాంతర సినిమా వాణిశ్రీ

1971లో ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమనగర్’ చూసినవాళ్లకు వాణిశ్రీ అంటే పెద్ద కొప్పు, చీరకట్టు. ఆ రెండింటినీ ఊళ్లలో ఆడవాళ్లు తెగ అనుకరించారు. నెల్లూరులో పుట్టిన ఈమె (అసలు పేరు రత్నకుమారి), తారాపథంలో ఉండగానే 1978లో సమాంతర సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్ తీసిన ‘అనుగ్రహం’లో నటించిందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. హిందీలో అదే ‘కొండురా’. రెండు భాషల్లోనూ తీశారు. మూలం మరాఠీ నవల, రాసిన చిం.త్ర్యం. ఖానోల్కర్ ‘ఏక్ శూన్య బాజీరావ్’ అనే ప్రయోగాత్మక నాటకం రాసినవాడు. స్క్రీన్‌ప్లేలో గిరీష్ కర్నాడ్ చెయ్యి, కెమెరా గోవింద్ నిహలానీ, సంగీతం వనరాజ్ భాటియా. తోటి నటుల్లో అనంత్ నాగ్, అమ్రీష్ పురి బొంబాయి నాటకరంగం నుంచి వచ్చినవాళ్లు. స్మితా పాటిల్ సరేసరి. డ్యూయెట్ల హీరోయిన్ ఆ జట్టులో నిలబడటం చిన్న సంగతి కాదు. ఆమె మీద రాసే వ్యాసాల్లో ఈ సినిమాకు ఒక్క వాక్యమే దక్కడం అన్యాయం.

కొంత విరామం తర్వాత 1989లో ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’తో అత్తగా తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే ‘బొబ్బిలి రాజా’. ఆ అత్త పాత్రల గయ్యాళితనం అందరికీ గుర్తే. వీలైతే ‘అనుగ్రహం’ కూడా చూడండి.