గ్యారేజీకి వెళ్లగానే బాగైపోయే గేర్‌బాక్స్

ఈరోజు మా నాన్న కారు గురించి చెప్తాను. 2008 మోడల్, నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్. నాన్నకి మోకాళ్ల నొప్పులు, క్లచ్ తొక్కలేరు. ఈ బండి పోతే ఆయన డ్రైవింగ్ మానేసినట్టే.

పోయిన ఏప్రిల్‌లో విజయవాడ వెళ్తున్నాం. చౌటుప్పల్ దాటాక ఒకచోట ఆగి బయల్దేరితే బండి లేవట్లేదు, ఎద్దులబండిలా కదిలింది. తర్వాత 80లో ఇంజిన్ ఒకటే అరుపు, పై గేరు పడట్లేదు. పక్కన ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు మామూలైపోయింది. సూర్యాపేట దగ్గర మళ్లీ అదే.

హైదరాబాద్ తిరిగొచ్చాక గ్యారేజీకి తీసుకెళ్లాం. రెండు రౌండ్లు తిప్పారు, ఒక్కసారీ రాలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ బాధ బాగా తెలుసు: టెస్టర్ దగ్గర వచ్చే బగ్గు డెవలపర్ దగ్గర రాదు. అయినా ఆయన "పాత బండి కదా, గేర్‌బాక్స్ దింపాల్సిందే, లక్షా ఇరవై వేలవుతుంది" అన్నారు. బండి అమ్మినా అంత రాదు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోతే, తాళం తిప్పగానే అవి మళ్లీ కొత్తవైపోవు కదా? మరి బండి ఎలా బాగైంది?

గేర్‌బాక్స్‌కి ఒక కంప్యూటర్ ఉంటుంది. ఆయిల్‌ని ఏ దారిలో పంపాలో సోలినాయిడ్లు అనే చిన్న కరెంటు వాల్వులతో అదే నడిపిస్తుంది. ఏదైనా సిగ్నల్ తేడాగా కనిపిస్తే కరెంటు తీసేసి బండిని ఒకే గేరులో పెట్టేస్తుంది. ఇలాంటి నాలుగు గేర్ల బండ్లలో చాలావాటికి అది మూడో గేరు. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఎలాగోలా ఇంటికి చేరమని. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే చాలా బండ్లలో కంప్యూటర్ మొదటినుంచి మళ్లీ చూస్తుంది, అప్పటికి తప్పు లేకపోతే మామూలుగా నడుపుతుంది.

అంటే కరెంటు తప్పేనా? తొందరపడొద్దు. క్లచ్ నిజంగా జారినా కంప్యూటర్ లింప్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. తేడా చెప్పేది కోడ్. పీ0731 నుంచి పీ0734 దాకా వస్తే గేరు లెక్క కుదరట్లేదని, లోపల జారుతుందేమో అనుమానించాలి. పీ0753, పీ0758 లాంటివి సోలినాయిడ్ కరెంటు దారివి. పీ0700 ఒక్కటే వస్తే "గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని అడగండి" అని మాత్రమే అర్థం. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇంకో మాట, కోడ్ రాసుకోకుండా చెరపనివ్వకండి, బ్యాటరీ తీయనివ్వకండి. మా గ్యారేజీలో మొదటిరోజే చెరిపేశారు!

అందుకే నాన్న చేత ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఎన్ని నిమిషాలు నడిపాక, ఏసీ ఉందా, గుంతలో పడ్డాకా, అన్నీ. పదిరోజుల్లో ఆరుసార్లు వచ్చింది, ఆరుసార్లూ అరగంట దాటాకే. పొద్దున చల్లటి ఇంజిన్‌తో ఒక్కసారీ లేదు. గ్యారేజీవాళ్లు చూసిందంతా చల్లటి బండినే!

ఆయిల్ లెవెల్ మాన్యువల్‌లో చెప్పినట్టే చూశాం. ఇది బండిని బట్టి మారుతుంది, ఇంజిన్ ఆన్‌లో చూడాలా ఆఫ్‌లోనా అన్నది చదవండి. లెవెల్ సరిగ్గానే ఉంది, మాడు వాసన లేదు. బ్యాటరీ వోల్టేజీ కూడా బాగానే ఉంది.

తర్వాత వేరే ఎలక్ట్రీషియన్ దగ్గరికి, ఈసారి నలభై నిమిషాలు నడిపి, వేడిగా తీసుకెళ్లాం. పీ0758 దొరికింది. సోలినాయిడ్ రెసిస్టెన్స్ కొలిచారు. వేడికి కొంత పెరగడం సహజమే, రాగి తీగ 60 డిగ్రీలు వేడెక్కితే 20 శాతం పైనే పెరుగుతుంది. మాది ఆ లెక్కలోనే ఉంది. కానీ గేర్‌బాక్స్ మీద కనెక్టర్ని కదిపితే మీటర్ రీడింగ్ ఎగిరి మాయమైపోతోంది. విప్పి చూస్తే ఒక పిన్ పచ్చగా చిలుమెక్కి, వదులైపోయి ఉంది. వేడెక్కినప్పుడు కాంటాక్ట్ పోతోందన్నమాట.

పిన్ మార్చి, వైరు కట్టడానికి పద్దెనిమిది వందలైంది. మేలో అదే రోడ్డు మీద, అదే ఎండలో విజయవాడ వెళ్లొచ్చాం, నాన్నే నడిపారు. నోట్‌బుక్‌లో ఆరో ఎంట్రీ తర్వాత పేజీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.