గొడుగు దానము

వేసవిలో చలివేంద్రములు పెట్టించుట, బాటల కిరుప్రక్కల చెట్లు నాటించుట, పేదలకు గొడుగులును పాదరక్షలును దానమిచ్చుట మన పెద్దలు పుణ్యకార్యములుగా నెన్నిరి. ఎండ మనకు తాపము కలిగించును. నీడకు చేరినంతనే యా తాపము శమించును. కాని, యే నీడకు చేరినను మానని గాయమును ఎండవలన పొందువారు ఈ లోకమున లక్షలకొలది గలరు. చర్మమునకును, వెండ్రుకలకును, కన్నులకును రంగు లేక జనించువారిని గూర్చి మేము చెప్పుచున్నాము. ఈ స్థితిని వైద్యులు ఆల్బినిజమందురు.

మన గ్రామములలో దీనిని బొల్లి యని పొరబడుట కలదు. బొల్లి పుట్టిన తరువాత మచ్చలు మచ్చలుగా వచ్చునది. ఇది పుట్టుకతోనే దేహమంతయు నుండునది. రెండును అంటువ్యాధులు కావు. చర్మమునకు నలుపునిచ్చు పదార్థము మెలనిన్. సూర్యకిరణములలోని కంటికి కనబడని తీక్ష్ణభాగము లోపలి కణములను చెఱుపకుండ అడ్డుపడు కవచ మదియే. ఆల్బినిజము గలవారిలో ఆ పదార్థమును తయారుచేయు కణము లున్నవి గాని, అవి తమ పనిని చేయజాలవు. తలిదండ్రు లిద్దఱియందును ఈ లోపము గుప్తముగా నున్నప్పుడు, వారికి గలుగు ప్రతి శిశువునకును నాలుగింట నొకవంతు ఈ స్థితి సంక్రమించు నవకాశ ముండును. తల్లి చేసిన తప్పేమియు ఇందు లేదు, గ్రహచారమును లేదు.

ఈ కవచము లేనివారిపై ఎండ యేమి చేయునో తెలియవలెనన్న తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశమును చూడవలెను. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో సుమారు 17,000 నుండి 20,000 మందికి ఒక్కరు ఇట్లు జన్మించుచుండగా, టాంజానియాలో సుమారు 1,400 మందికి ఒక్కరు ఇట్టివా రున్నారని అంచనా. ఆ దేశము భూమధ్యరేఖకు సమీపమున నున్నది. దార్ ఎస్ సలామ్ నగరమున ఇట్టివారు 350 మందిని పరీక్షించి 1985లో వైద్యులు ప్రకటించిన నివేదికనుబట్టి, పుట్టిన మొదటి యేడాదిలోనే వారి చర్మమునందు ఎండదెబ్బ గుర్తులు కానవచ్చినవి. అంతకు పూర్వమే, 1975లో, నైజీరియా దేశపు వైద్యుడు ఒకోరో మఱింత దారుణమైన విషయమును వెల్లడించెను: ఇరువదియేండ్లు దాటినవారిలో చర్మమునందు రాచపుండుగాని, దానికి దారితీయు మచ్చగాని లేనివా డాయనకు కనబడలేదు. రాచపుండనగా నేడు మనము కాన్సరని పిలుచునదియే. అది ముఖమున, చెవులయందు, పెదవిపై, మెడపై, అనగా ఎండకు బయటపడు తావులందే ముందుగా లేచును.

ఈ వ్యాధి పొలములో మొదలగునని చదువరులు తలంతురేమో. నిజమునకు అది బడిలో మొదలగుచున్నది. మెలనిన్ లేమివలన కన్నుకూడ పూర్తిగా వికసింపదు. చూపు మందగించును, కనుగ్రుడ్లు నిలుకడలేక కదలుచుండును, వెలుతురు భరింపరాదు. కళ్ళద్దములు కొంత మేలు చేయును గాని లోపమును పూర్తిగా తీర్పవు. వెనుక బల్లపై కూర్చున్న బాలునకు నల్లబల్లపై వ్రాత కనబడదు. ఉపాధ్యాయుడు వానిని మందమతి యనును, తోడివారు గేలిచేయుదురు, బాలుడు బడి మానును. చదువులేనివానికి దొరకునది ఆరుబయటి కూలిపని. ఏ యెండనుండి వానిని దాచవలసియున్నదో ఆ యెండలోనికే సంఘము వానిని నెట్టుచున్నది. ముందుబల్లపై నొక చోటును, పెద్దయక్షరముల పుస్తకమును ఇచ్చియుండిన, ఆ పుండే లేవకపోయెడిదేమో!

టాంజానియాలో వీరి శరీరభాగములు అదృష్టము తెచ్చునను మూఢవిశ్వాసముతో జరిగిన హత్యల వార్తలు 2007 మొదలు లోకమును దిగ్భ్రాంతి పఱచినవి. ఆ దౌష్ట్యమును ఖండింపనివారు లేరు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానించి, జూన్ 13వ తేదీని వీరి హక్కులను గుర్తుచేయు దినముగా నిర్ణయించినది. 2015లో నైజీరియాకు చెందిన ఇక్పోన్‌వోసా ఎరోను ఈ విషయమున తొలి స్వతంత్ర నిపుణురాలిగ నియమించిరి. ఆమెయు ఆల్బినిజము గలవారే. ఇవి యన్నియు హర్షింపదగినవి. కాని కత్తి పట్టినవానికంటె నెక్కువ మందిని ఎండ చంపుచున్నది. హంతకుని పట్టుటకు రక్షకభటు లుందురు. ఎండకు సాక్షియు లేడు, శిక్షయు లేదు. అందుచేతనే ఆ మరణములకు పత్రికలలో చోటు దొరకుట లేదు.

ఈ మరణములలో పెక్కు నివారింపదగినవి యనుటయే మా ఆవేదనకు మూలము. పుండు చిన్నదిగా నున్నప్పుడు కోసి తీసివేసిన పూర్తిగా నయమగును. ఆలసించిన లోతునకు ప్రాకును. అప్పుడు వారములకొలది కిరణచికిత్స కావలసివచ్చును. దార్ ఎస్ సలామ్‌లోని ఓషన్ రోడ్ కాన్సరు సంస్థకు దూరగ్రామములనుండి పోవుటకు బండికూలియు, అచ్చట నిలుచుటకు బసయు లేక చికిత్సను మధ్యలో విడుచువా రున్నారు. ఇందులకు భిన్నమైన మార్గమును కిలిమంజారో పర్వతపాదమున నున్న మోషి పట్టణము చూపినది. అచ్చట 1992లో వెలసిన చర్మవైద్య శిక్షణకేంద్రమునందు, మఫాల్డా సోటో అను స్పెయిన్ దేశపు ఔషధతంత్రజ్ఞురాలి పూనికతో, ఎండను అడ్డు లేపనమును స్థానికులే తయారుచేసి, ఆల్బినిజము గలవారికి ఉచితముగా పంచు పద్ధతి యేర్పడినది. అంగడిలో సౌందర్యసాధనముగ అమ్ముడుపోవునది వీరికి ప్రాణౌషధము. దానిని విలాసవస్తువుగ నెంచి పన్నులు వేయుట, అంధుని చేతికఱ్ఱపై సుంకము విధించుటవంటిది.

ఆఫ్రికా సంగతి మనకేల యని కొందఱనవచ్చును. ఈ లోపము మన యిండ్లయందును కలదు. తలిదండ్రులు ఒకే రక్తమువారైనపుడు గుప్తలోపములు ఇరువైపుల నుండు నవకాశము హెచ్చును. మేనరికములు తఱచైన తెలుగునాట ఈ మాటను పెడచెవిని పెట్టరాదు. సంబంధము కలుపుకొనుటకు ముందు పెద్దలు దీనిని యోచింతురు గాక. ఇదివఱకే పుట్టిన బిడ్డను దాచిపెట్టుటగాని, తల్లిని నిందించుటగాని పాపము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున మందదృష్టికి స్థానము గలదు. చూపు తగినంత తగ్గినవారు ఆ ధ్రువపత్రమును పొందుటకు చదువుకొన్నవారు తోడ్పడవలెను.

భూస్వాములకు మా మనవి యొక్కటి. మీ పాలెములో నిట్టి కూలివాడున్న, ఉదయము పదిగంటలనుండి మధ్యాహ్నము మూడుగంటలవఱకు వానిని పొలమున నిలుపకుడు. కూలి తగ్గింపక నీడపట్టున పని చూపుడు. వెడల్పు అంచు గల టోపీని, పొడుగుచేతుల చొక్కాను ఇప్పింపుడు. పట్టణవాసులు తమ వీథిలోని బాలుని ముందుబల్లపై కూర్చుండబెట్టుటకు ఉపాధ్యాయునితో మాటలాడవలెను. నెలదినములు గడచినను మానని పుండు కనబడిన, ఆకుపసరులతో కాలము గడపక చర్మవైద్యునికి చూపింపవలెను.

వీనిలో నేదియు ధనవ్యయముతో కూడినది కాదు. పూర్వులు గొడుగును దానముగ నిచ్చునపుడు, గ్రహీత యెవ్వడని కాక, ఎండలో నడచువాడా యని చూచిరి. ఆ ధర్మమును నిజముగ నమ్మువార మైనచో, ఎండ యెవరికి ప్రాణాంతకమో వారి తలపై ఆ గొడుగును ముందుగా పట్టవలసియున్నది.