ఒక తీగకు రెండు పిలుపులు

రాత్రివేళ రేడియో ముల్లు త్రిప్పుచున్నపుడు ఒక కేంద్రముపై దూరపు కేంద్రమింకొకటి వచ్చిపడి, రెండు మాటలును తెలియకపోవుట శ్రోతలెరిగినదే. కేంద్రములు రెండును మంచివే. చిక్కు వాని స్థానమునందున్నది. పాతకాలపు ఇంటి కంప్యూటరులందును ఇట్టి చిక్కే కలదు.

1998వ సంవత్సరమున నేను విద్యార్థిగా ఉంటిని. తాడేపల్లిగూడెములో మా మేనమామగారు ఉల్లి వ్యాపారపు లెక్కలకై రెండు కంప్యూటరులుంచిరి. వానిని కలుపుటకు ఒకదానిలో నెట్‌వర్క్ కార్డు అమర్చినంతనే, అందున్న మోడెము మూగవోయినది. "కార్డు పుచ్చు సరుకురా అబ్బాయీ, ఏలూరు తీసుకెళ్ళి తిరిగిచ్చెయ్" అని మామయ్య పట్టుబట్టెను. నేను కార్డు ఊడదీసి చూచితిని. మోడెము మరల పలికినది! అనగా లోపము సరుకులో లేదు.

ఆనాటి యంత్రములలో, తనకు పని కలిగినదని ప్రాసెసరును పిలుచుటకు ఉపకరణములకు 16 వరుసలుండెను. సున్న మొదలు 15 వరకు. సున్న గడియారమునకు, 1 కీబోర్డునకు, 6 ఫ్లాపీకి, 14 హార్డుడిస్కునకు. మిగిలినవి కొన్నియే. పాత ఐ.ఎస్.ఎ. కార్డులు సాధారణముగా ఒక వరుసను పంచుకొనలేవు. మా మోడెము 3వ వరుసపై నుండగా, కొత్త కార్డును ఆ మూడింటనే కూర్చున్నది. పిలుపెవరిదో తెలియక యంత్రము తికమకపడినది.

విండోస్ 95, 98లలో డివైస్ మేనేజర్ తెరచినచో, తగవుపడిన ఉపకరణము ప్రక్క పసుపు గుర్తు కనబడును. ఏ వరుస ఖాళీయో అచ్చటనే తెలియును. తరచుగా 10 గాని 11 గాని. కొన్ని కార్డులకు చిన్న జంపరు బిళ్ళ మార్చవలెను. కొన్నింటికి ఫ్లాపీలో వచ్చిన ప్రోగ్రాము చాలును. వరుస సంఖ్యయే గాక చిరునామా కూడ వేరుగా నుండవలెను. దీనిని పలువురు మరతురు. మేము కార్డును 10కి మార్చితిమి. ఆ సాయంకాలమే మోడెము కూతపెట్టినది. మామయ్య ఏలూరు ప్రయాణము మానుకొనెను.

కైకలూరు, ఆకివీడు వంటి కొల్లేటి ప్రాంతముల వారికొక్క మాట. అన్ని తప్పులును సంఖ్యలవి కావు. తేమగాలికి కార్డు అంచునున్న స్పర్శపట్టీలు మసకబారును. విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, పెన్సిలు రబ్బరుతో వానిని మెల్లగా రుద్ది, గట్టిగా అమర్చి చూడుడు.

పి.సి.ఐ. కార్డులు వచ్చిన పిదప వరుసను పంచుకొనుట సాధ్యమైనది. నేటి యంత్రములు పెక్కింటిలో ఆ పిలుపు సందేశరూపమున పోవును. పాత యంత్రమును ఇంకను నడుపువారు మాత్రము, మూత విప్పుటకు ముందే ఉన్న సంఖ్యలన్నియు ఒక కాగితముపై వ్రాసికొనుడు.