ఆంగ్లేయుల ఇంటిపేర్లలోని ఊళ్లు

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ పేరు వినగానే ఇంగ్లీషు నేర్చినవారికి పత్తి స్ఫురించుట సహజము. కాని ఆ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధము లేదు. ప్రాచీనాంగ్లములో 'కాట్' అనగా గుడిసె. 'గుడిసెల వద్ద' అను అర్థమిచ్చు రూపము ఊరిపేరై, ఆ ఊరిపేరే ఇంటిపేరైనది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో ప్రకటించిన కాల్డ్వెల్ పేరులో ఉన్నది చల్లని ఊట.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, ప్రభువంశములవారు తమ ఊళ్ల పేర్లను వంశనామములుగా స్థిరపరచుకొన్నారు. నార్మండీనుండి వచ్చిన నెవిల్ అనుపేరుకు 'కొత్త ఊరు' అని అర్థము. ఈ ఆచారము క్రమముగా సామాన్యులకు వ్యాపించినది. అయితే స్వగ్రామములో ఊరిపేరు మనిషిని గుర్తించుటకు పనికిరాదు. అక్కడ అందరిదీ ఆ ఊరే గదా! ఊరు విడిచి లండనుకో, యార్కుకో చేరినవానిని ఇరుగుపొరుగువారు వాని ఊరిపేరుతో పిలిచిరి. కావున ఇట్టి ఇంటిపేరు తరచు ఒక వలసకు సాక్ష్యము.

'టన్' అనగా ఆవరణ, పల్లె, 'హామ్' నివాసము, 'లీ' అడవిలోని వెల్లడి, 'బరీ' కోట. 'బీ' డేనుల మాట. వారు స్థిరపడిన ఉత్తర, తూర్పు ప్రాంతములలోనే అది విస్తారము. కర్బీ అనగా చర్చి ఉన్న ఊరు. మిల్టన్ అను ఊళ్లు పెక్కు కలవు. కొన్ని 'నడిమి పల్లె'లు, కొన్ని 'మర ఉన్న పల్లె'లు. నేటి రూపమును చూచి ఏది ఏదో చెప్పరాదు. ప్రాచీన పత్రములలోని వర్ణక్రమమే ప్రమాణము. 'ఎట్టెన్ ఆష్', అనగా ఆష్ చెట్టువద్ద నివసించువాడు, నాష్ అయినాడు. విభక్తిలోని నకారము పేరుకు అంటుకొని మిగిలినది.

తెలుగులో కందుకూరు 'కందుకూరి' అయినది, వేటూరు 'వేటూరి' అయినది. ఆ ఇకారములో 'ఆ ఊరివాడు' అను సంబంధము నేటికీ వినవచ్చును. ఇంగ్లీషులో ఆ సంబంధమును తెలుపు పదములు చాలవరకు రాలిపోయి ఊరిపేరు మాత్రమే నిలిచినది. అందుచేత అచ్చట అర్థము త్వరగా మరుగుపడినది.

అనువాదకునకు ఈ భేదము ముఖ్యము. చరిత్రపురుషుని ఇంటిపేరును అనువదించుట తగదు. ధరించినవానికే అది అర్థము కోల్పోయిన గుర్తు. కాని 1847లో వెలువడిన 'వదరింగ్ హైట్స్' నవలలో హీత్‌క్లిఫ్ అను పేరు రచయిత్రి ఎన్నుకొన్నది. అందులో బీడునేలా, కొండచరియా రెండూ ఉన్నవి. ఆ పేరును తెలుగు లిపిలో యథాతథముగా ఉంచినను, ఆ బీడూ ఆ చరియా కథనములో పాఠకునకు కనబడవలెను. పేరులో దాగిన నేలను ఎరిగిన అనువాదకుడే ఆ పని చేయగలడు.